డాక్టర్లలో బర్నౌట్: ముందు సరిచేయాల్సింది డ్యూటీ చార్టును

శ్రీకాకుళం, విజయనగరం, మన్యం, ఒడిశా సరిహద్దు ఊళ్లు. ఇన్ని చోట్ల చేయిదాటిన కేసులు విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కే వస్తాయి. అలాంటి క్యాజువాలిటీలో రాత్రంతా నిలబడ్డ పీజీ డాక్టరుతో ‘కాస్త యోగా చెయ్యి, అంతా సర్దుకుంటుంది’ అనడం అన్యాయం. బర్నౌట్ పుట్టేది పనిలో. మందు కూడా పనిలోనే వెతకాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ పట్టిక ఐసీడీ-11లో దీన్ని జబ్బుల కింద కాక, ఉద్యోగం వల్ల వచ్చే స్థితిగా చేర్చింది. గుర్తులు మూడు: సత్తువంతా హరించుకుపోవడం, పని మీద విరక్తి, ‘నావల్ల ఏమీ కావట్లేదు’ అనిపించడం. విరక్తి పక్కవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. పేషెంటు పేరు పోయి ‘మూడో బెడ్డు’ అవుతుంది. అడిగిందే మళ్లీ అడిగారని పేషెంటు తాలూకు వాళ్లను కసురుతారు.

ముందు ఒక వారంపాటు చిన్న పుస్తకంలో మూడు గడులు గీసి రాయండి: ఎంతసేపు, ఏ పని, అది డాక్టరే చేయాలా. శాంపిళ్లు ల్యాబుకు మోయడం, స్కాన్ తేదీ కోసం తిరగడం, ప్రభుత్వ ఉచిత చికిత్స పథకం వైద్యసేవ అప్రూవల్‌కు కాగితాలు అప్‌లోడ్ చేయడం లాంటివి ఎంత సమయం మింగుతున్నాయో అప్పుడు లెక్క తేలుతుంది. ఆ లెక్కతో ముగ్గురు నలుగురు కలిసి యూనిట్ చీఫ్ దగ్గరకు వెళ్లండి. ఒక్క మార్పే అడగండి, నాలుగు వారాలు చేసి చూద్దామనండి. ఒంటరిగా వెళ్తే అది మీ ఒక్కరి బలహీనతలా కనబడుతుంది. పది అడిగితే ఒక్కటీ జరగదు.

నియమాలు మీ వైపే ఉన్నాయి. జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నిబంధనలు పని వీలును బట్టి వారానికో సెలవు, ఏడాదికి కనీసం 20 రోజుల క్యాజువల్ లీవు ఇవ్వాలంటున్నాయి. నైట్ డ్యూటీ దిగిన పగలును వారపు సెలవుగా లెక్కేస్తే ఒప్పుకోకండి. అది నిద్ర బాకీ తీర్చుకునే పూట, సెలవు కాదు.

డ్యూటీ అప్పగింతకు పావుగంట కేటాయించండి. అందరికన్నా సీరియస్‌గా ఉన్న పేషెంటుతో మొదలుపెట్టి, ఏ రిపోర్టు రావాలి, బీపీ పడితే ఏం చేయాలి అన్నది చెప్పండి. డ్యూటీ తీసుకునేవాళ్లు విన్నది తిరిగి చెప్పాలి. ఇది సరిగా జరగకపోతే ఇంటికెళ్లినా ఫోను మోగుతూనే ఉంటుంది.

నైట్‌లో వీలు దొరికితే 20 నిమిషాలే కునుకు తీయండి. గాఢనిద్రలోకి జారితే లేచాక కాసేపు బుర్ర పనిచేయదు, ఆ స్థితిలో డోసు లెక్కలు వేయడం ప్రమాదం. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. పొద్దున ఎనిమిదింటికి పడుకోవాలంటే తెల్లవారుజామున మూడు తర్వాత కాఫీ ముట్టకండి. నైట్ దిగిన నిద్రమత్తులో మద్దిలపాలెం ట్రాఫిక్‌లో బండి నడపొద్దు, ఆటో ఎక్కండి. నిద్ర కోసం ఆల్ప్రాజోలం సొంతంగా రాసుకునే అలవాటు మాత్రం అసలు వద్దు. చేతికందే మందు కాబట్టే డాక్టరుకు తేలిగ్గా వ్యసనమవుతుంది.

సెలవులో ఉన్నా దిగులు వదలకపోతే, రెండు వారాలుగా ఇష్టమైనవేవీ రుచించకపోతే డిప్రెషన్ అని అనుమానించాలి. డిప్రెషన్‌ను అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల పట్టిక పీహెచ్‌క్యూ-9 మీకు మీరే నింపుకోండి. మొత్తం స్కోరు 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే సైకియాట్రిస్టును కలవండి. చనిపోవాలన్న ఆలోచన గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఇంకేది వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే కలవాలి. సొంత ఆసుపత్రిలో నలుగురూ చూస్తారని సంకోచమైతే చినవాల్తేరు మానసిక వైద్యశాల ఉంది. టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

తోటి డాక్టరు ముభావంగా మారితే పక్కకు తీసుకెళ్లి సూటిగానే అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, హాస్టల్ గదిలోని ఇంజెక్షన్లు, మాత్రలు తీసేయించండి. చీఫ్‌కు చెప్పి ఆ రాత్రి డ్యూటీ మీలో ఎవరైనా చూసుకోండి.