వర్క్‌షాపు షెడ్డుకు కొత్త రేకులు: గాలికి లేవకుండా, వానకు కారకుండా

రేకుల కప్పు మార్చాలనుకునేవాళ్లు ముందు ఆలోచించేది కారడం గురించి. కారితే కింద బకెట్ పెట్టుకుని ఆ వానాకాలం గడపొచ్చు. లేచిపోయిన రేకు పక్కింటి మీదో, రోడ్డు మీద పోయేవాళ్ల మీదో పడితే చేయగలిగింది ఏమీ ఉండదు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వీచిన గాలికి వేలాది చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. అంత గాలి ఏటా రాకపోవచ్చు. కానీ ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం లేచే గాలి దుమారం వరంగల్ చుట్టుపక్కల ఏ షెడ్డునూ వదలదు.

గాలి రేకును కిందికి నొక్కడం కన్నా పైకి లాగడమే ఎక్కువ. షట్టర్ తెరిచి ఉంటే లోపలికి దూరిన గాలి కింది నుంచి తోస్తుంది, పైన పోయే గాలి గుంజుతుంది. వర్క్‌షాపుకు ఒక పక్కంతా షట్టరే కాబట్టి ఈ బాధ మామూలు గది కన్నా ఎక్కువ. రేకును స్క్రూ పట్టుకోవాలి, స్క్రూను అడ్డ పైపు పట్టుకోవాలి, అడ్డ పైపును గోడ పట్టుకోవాలి. ఇందులో ఏది వదులైనా మిగతావాటి బలం పనికిరాదు. పైన బండరాళ్లు, ఇసుక బస్తాలు పెట్టడం దీనికి జవాబు కాదు. రేకు లేచిననాడు అవి కూడా కింద పడతాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సంక్రాంతి దాటాక మార్చి మొదటి వారం లోపు. వాన ఉండదు, గాలి తక్కువ, రేకు చేతికి కాలదు. మేలో పొద్దున పదింటికే రేకు మీద చేయి ఆనదు. ఏ నెలలో చేసినా రేకులు పైకెక్కించే పని తెల్లారి గాలి లేనప్పుడే పెట్టుకోవాలి. పని మీరే చేసుకుంటున్నా కింద ఒక మనిషి ఉండి తీరాలి.

కొలతలు, సామాను

22 అడుగుల పొడవు, వాలు వెంబడి 12 అడుగులు ఉన్న ఒంటి వాలు షెడ్డును లెక్కకు తీసుకుందాం. కలర్ కోటెడ్ రేకు వెడల్పు సుమారు మూడున్నర అడుగులు, కానీ పక్క రేకుతో కలిసే అంచు పోను కప్పేది ఒక మీటరే. కొనేవాళ్లు లెక్క తప్పేది ఇక్కడే. రెండు పక్కలా ఆరేడు అంగుళాలు బయటికి రావాలంటే మొత్తం 23 అడుగులు, అంటే 7 రేకులు. పొడవు 13 అడుగులు: కింద చూరుకు 8 అంగుళాలు, పైన 4. ఒక్క ముక్కలోనే కోయించుకోండి. రెండు ముక్కలు కలిపితే కనీసం 6 అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి, మధ్యలో బ్యూటైల్ టేపు (రెండు వైపులా అంటుకునే రబ్బరు పట్టీ) వేయాలి, అయినా ఎప్పుడో ఒకప్పుడు అక్కడే కారుతుంది.

మందం 0.47 లేదా 0.50 మిల్లీమీటర్లు. 0.40 చవకే కానీ మన ఊళ్లలో కోతులు గుంపుగా దూకితే సొట్టలు పడి, ఆ సొట్టల్లో నీళ్లు నిలుస్తాయి. దుకాణంలో చెప్పిన మందం రంగు పొరతో కలిపా, విడిగానా అని అడగండి. రంగు తెలుపు గానీ, లేత బూడిద గానీ తీసుకోండి. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ (కప్పులు వేడెక్కకుండా చూసే) విధానం వెనక ఉన్న విషయమూ ఇదే, లేత రంగు ఎండను వెనక్కి కొడుతుంది. ముదురు నీలం, ఇటుక రంగు చూడ్డానికి బాగుంటాయి, కింద నిలబడి పనిచేసేవాడికే తెలుస్తుంది.

స్క్రూలు సెల్ఫ్ డ్రిల్లింగ్ రకం, 12 నంబరు, 55 మి.మీ. పొడవు, ఎండకు తట్టుకునే ఈపీడీఎం రబ్బరు వాషరుతో. రేకుకు ఐదు గట్లు (పైకి లేచిన మడతలు) చొప్పున, పై వరుసలో, కింది వరుసలో ప్రతి గట్టుకూ ఒకటి. మధ్య వరుసల్లో రేకుకు మూడు. నాలుగు అడ్డ పైపులకు 112 అవుతాయి, 150 కొనండి. రేకూ రేకూ కలిసే అంచుల్లో కొట్టడానికి 20 మి.మీ. పొట్టి స్క్రూలు 75. మామూలు నల్ల రబ్బరు వాషరు రెండు ఎండాకాలాలకే పగిలిపోతుంది, అక్కడ పైసలు మిగుల్చుకోవద్దు.

పాత రేకులు దించడం

షెడ్డు రేకు మీదుగానో, పైపుకు కట్టో కరెంటు సర్వీసు తీగ పోతుంటే ముందు లైన్‌మన్‌ను పిలిచి సప్లయి ఆపించి పక్కకు తప్పించాలి. తడిమి చూసి బాగానే ఉందనుకుని పైకెక్కకండి. పొడవాటి రేకు ఒక్కసారి తిరిగితే చాలు, తీగను తాకుతుంది.

చివర వేసిన రేకును మొదట తీయాలి. తుప్పు పట్టిన జే హుక్కు (రేకును పైపుకు పట్టే వంపు బోల్టు) నట్టు స్పానరుకు రాదు, గ్రైండరుతో కోయాల్సిందే. నిప్పురవ్వలు కింద రంపపు పొట్టు మీదో, థిన్నరు డబ్బా మీదో, మగ్గం ఉంటే నూలు మీదో పడతాయి. లోపల సర్ది, మిగిలిన దాని మీద తడి గోనెసంచులు కప్పి, రెండు బకెట్ల నీళ్లు పెట్టుకున్నాకే కోత మొదలుపెట్టండి. తుప్పు రేకు మీద కాలు పెట్టొద్దు. అడ్డ పైపుల మీద మందపాటి చెక్క పరుచుకుని, దాని మీద నుంచి పని చేయాలి. నడుముకు కాదు, ఒళ్లంతా పట్టే హార్నెస్ వేసుకుని తాడు గట్టి దూలానికి కట్టుకోవాలి.

పాతవి ఆస్బెస్టాస్ సిమెంటు రేకులయితే పద్ధతి వేరు. వాటిని పగలగొట్టొద్దు, కోయొద్దు. నీళ్లతో తడిపి నిండు రేకుగా దించాలి. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది, దానికి బట్ట మాస్కు ఆగదు. మీద నిలబడితే చప్పుడు లేకుండా విరుగుతాయి.

అడ్డ పైపులు

రేకులు తీశాక ప్రతి పైపునూ సుత్తితో తట్టండి. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే లోపల తిన్నది. గోడలో దూరే చోట, వెల్డింగ్ కాడ తుప్పు ఎక్కువ. స్క్రూడ్రైవరు మొన దిగబడితే ఆ పైపు మార్చాల్సిందే. కొత్త స్క్రూకు కావాల్సిన పట్టు అందులో లేదు. కింద ఆరు అడుగులకు ఒక ఆధారం ఉంటే 2×2 అంగుళాల, 2 మి.మీ. మందం బాక్స్ పైపు సరిపోతుంది. పైపుకూ పైపుకూ మధ్య 4 అడుగులు దాటొద్దు. మంచి పైపులను తీగ బ్రష్షుతో గీకి రెడ్ ఆక్సైడ్, దాని మీద ఎనామిల్ వేయండి. రేకు వేశాక పై భాగానికి మళ్లీ బ్రష్షు అందదు.

చాలా షెడ్లలో పైపులు గోడ మీద ఊరికే ఆనించి, పక్కన సిమెంటు మెత్తి ఉంటాయి. అలా అయితే రేకులు పైపులతో సహా లేస్తాయి. ప్రతి పైపు కొసనూ గోడ లోపలికి కనీసం అడుగు దిగిన ఇనుప పట్టీతో గానీ, యాంకర్ బోల్టుతో గానీ బిగించాలి.

రేకులు వేయడం

మన దగ్గర వానాకాలపు గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వస్తుంది. అందుకే మొదటి రేకు తూర్పు కొసన వేసి పడమరకు నడవాలి. తర్వాతి రేకు అంచు ముందు దాని మీద ఎక్కుతుంది, తెరిచిన అంచు గాలికి వెనక వైపు పడుతుంది. రేకు ఒక అంచున సన్నని కాలువ ఉంటే ఆ అంచు కిందికి పోవాలి. తిరగేసి వేస్తే రెండు రేకుల మధ్య నీళ్లు పాకి లోపలికి వస్తాయి, ఎన్ని స్క్రూలు కొట్టినా ఆగవు.

మొదటి రేకు మూలమట్టంలో లేకపోతే ఏడో రేకు దగ్గర చూరు రంపం పళ్లలా కనిపిస్తుంది. చూరు వెంబడి దారం కట్టండి. మూల నుంచి ఒక వైపు 6 అడుగులు, రెండో వైపు 8 అడుగులు గుర్తు పెట్టి చూస్తే మధ్య దూరం సరిగ్గా 10 ఉండాలి. గోడే వంకరగా కట్టి ఉంటే గోడను నమ్మొద్దు, దారాన్నే నమ్మండి.

ఒక్కో రేకు సుమారు 18 కిలోలు. రెండు నిచ్చెనలు పక్కపక్కన వాల్చి, వాటి మీదుగా తాడుతో పైకి జరిపితే ఒక్కరే ఎక్కించొచ్చు. వేసిన రేకుకు పై వరుస, కింది వరుస స్క్రూలు పూర్తయ్యాకే రెండోది ఎక్కించండి. రెండు మూలల్లో రెండు స్క్రూలు కొట్టి అన్నానికి దిగితే, తిరిగి వచ్చేసరికి ఆ రేకు ఉంటుందన్న భరోసా లేదు. పైన ప్లాస్టిక్ పొర ఉంటే ఎక్కించే ముందే పీకేయాలి. నాలుగు రోజులు ఎండలో ఉంటే అంటుకుపోయి గోళ్లతో గీకాల్సి వస్తుంది.

స్క్రూ గట్టు మీదే కొట్టాలి, ఎందుకంటే నీళ్లు పల్లంలో పోతాయి. పైపు నడిమధ్య గీతకు సరిగ్గా రేకు మీద దారం పట్టి గుర్తు పెట్టుకుంటే గురి తప్పదు. డ్రిల్లుకు 8 మి.మీ. సాకెట్ వేసి, నిటారుగా పట్టి, క్లచ్ తక్కువలో పెట్టి నడపండి. రబ్బరు ఇనుప వాషరు చుట్టూ కొద్దిగా, అన్ని వైపులా సమానంగా బయటికి కనిపించినప్పుడు ఆపాలి. ఇంకా బిగిస్తే రబ్బరు చిట్లుతుంది, గట్టు అణిగి స్క్రూ చుట్టూ గుంట పడుతుంది, ఆ గుంటలో నిలిచిన నీరు లోపలికే వస్తుంది. స్క్రూ వంకరగా దిగితే రబ్బరు ఒక పక్కే ఆనుతుంది. గట్టిగా కొట్టడమే గట్టి పని అనుకునేవాళ్ల కప్పులే ముందు కారతాయి.

ఆ రోజు పని ముగించే ముందు రేకు మీద పడ్డ ఇనుప రజను మెత్తటి చీపురుతో ఊడ్చేయండి. రాత్రి మంచుకే అది తుప్పు పట్టి రంగు మీద మచ్చలు చేస్తుంది. రేకును కోయాల్సి వస్తే కత్తెర గానీ, నిబ్లర్ (రేకును కొరుకుతూ కోసే పనిముట్టు) గానీ వాడాలి. గ్రైండరు వేడికి అంచున రంగూ, కింది జింకు పొరా కాలిపోయి తుప్పు అక్కడి నుంచే పాకుతుంది.

అంచులు, నీటి దారి

రేకు పై కొస గోడను తాకితే సందును సిమెంటుతో పూడ్చొద్దు. అల్యూమినియం–జింకు పూత ఉన్న రేకును పచ్చి సిమెంటులోని క్షారం తింటుంది. గోడలో అంగుళం లోతు గాడి కోసి, ఫ్లాషింగ్ పట్టీ (సందును కప్పే వంచిన రేకు పట్టీ) దూర్చి, పీయూ (పాలీయురేథేన్) సీలెంటుతో మూయాలి. పక్క కొసలకు ఎల్ ఆకారపు పట్టీలు తప్పనిసరి, గాలి మొదట దూరేది అక్కడే.

ఈ కప్పు వైశాల్యం సుమారు 300 చదరపు అడుగులు. గంటకు 10 సెంటీమీటర్ల వాన పడితే 2,800 లీటర్ల దాకా దిగుతుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 65 సెంటీమీటర్లు పడింది కాబట్టి ఇది అతిగా వేసిన లెక్క కాదు. 6 అంగుళాల గట్టరు, రెండు కొసలా 4 అంగుళాల పైపులు పెట్టండి. రేకు అంచు గట్టరు లోపలికి 2 అంగుళాలు రావాలి.

ఎండ తగ్గడానికి పైపుల మీద ఎయిర్ బబుల్ ఫాయిల్ (గాలి బుడగల ప్లాస్టిక్‌కు మెరిసే పొర అంటించిన షీటు) పరిచి దాని మీద రేకులు వేసుకోవచ్చు. చలికాలం తెల్లవారుజామున రేకు కింద చెమ్మ చేరి బొట్లు పడటమూ తగ్గుతుంది. వెల్డింగ్ చేసే షెడ్డులో మాత్రం ప్లాస్టిక్ బబుల్ వద్దు, నిప్పురవ్వకు అంటుకుంటుంది.

మొదటి వానలో లైటు పట్టుకుని ప్రతి స్క్రూ కింద చూడండి. ఎక్కడైనా స్క్రూ ఆగకుండా తిరుగుతుంటే అది పైపును తప్పిందనో, రంధ్రం పెద్దదైందనో అర్థం. సిలికాన్ పూసి వదిలేయొద్దు. రంధ్రం పెద్దదైతే అదే చోట 14 నంబరు స్క్రూ వాషరుతో వేయండి. పైపు తప్పితే పక్కన సరైన చోట కొత్తది కొట్టి, పాత రంధ్రాన్ని వాషరున్న పొట్టి స్క్రూతో మూయండి. ఒక ఎండాకాలం గడిచాక, జూన్ వానలకు ముందు పై, కింది వరుసల స్క్రూలన్నీ చేతి సాకెట్‌తో ఒకసారి తడిమి చూసి, వదులైనవి మాత్రమే బిగించండి.