సాంఘిక శాస్త్రం ఉన్నత స్థాయి తరగతికి విద్యార్థులను ఎంపిక చేయడం ఎలా?

ఎక్కువ మార్కులు వచ్చిన వారిని వరుసగా పంపడం సులువైన పద్ధతే గాని, ఆ మార్కులు చాలావరకు జ్ఞాపకశక్తినీ చక్కగా రాసే అలవాటునూ చూపుతాయి తప్ప, ఉన్నత స్థాయి తరగతిలో నిజంగా అవసరమయ్యే ఆలోచనను చూపవు. మార్కులను ఒక ఆధారంగా మాత్రమే ఉంచుకుని, ముందుగా పిల్లలు వేసే ప్రశ్నలను గమనించాలి.

1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా-హంగరీ సింహాసన వారసుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య జరిగిందనీ, జూలై 28న ఆస్ట్రియా-హంగరీ సెర్బియాపై యుద్ధం ప్రకటించిందనీ, అలా మొదటి ప్రపంచ యుద్ధం మొదలైందనీ తరగతిలో చాలామంది అప్పజెప్పగలరు. ‘మధ్యలో నెల రోజులు ఏం జరిగింది? ఆలోగా యుద్ధాన్ని ఆపే అవకాశం ఎవరికీ లేకపోయిందా?’ అని అడిగే విద్యార్థి మాత్రం తక్షణ కారణంతో తృప్తి పడకుండా అసలు కారణాల కోసం వెతుకుతున్నట్టు. అలాంటి ప్రశ్న వచ్చిన రోజే, అడిగినవారి పేరుతో సహా రాసి పెట్టుకోవాలి.

తరగతిలో నోరు విప్పని వారి కోసం అందరికీ ఒకే చిన్న పని ఇవ్వడం మంచిది. పటాల రూపకర్త మెర్కేటర్ 1569లో రూపొందించిన పద్ధతిలో గీసిన ప్రపంచ పటాన్నీ గ్లోబునూ పక్కపక్కన పెట్టి, ఏం గమనించారో రాయమనండి. పటంలో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది గాని, నిజానికి ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు పెద్దది. ఈ తేడాను పట్టుకునేవారు చాలామందే ఉంటారు. ఇంత తేడా ఉన్న పటాన్ని ఎవరు, ఏ అవసరానికి వాడుకున్నారని ఆలోచించి, అది నావికుల అవసరానికన్న జవాబు దాకా వెళ్లేవారు కొద్దిమందే. అలాగే ఒకే సంఘటనపై పరస్పర విరుద్ధమైన రెండు కథనాలు ఇచ్చి, దేన్ని నమ్ముతారో చెప్పమనడంతో ఆగకుండా, ఏ ఆధారం దొరికితే అభిప్రాయం మార్చుకుంటారో కూడా అడగాలి. నా దృష్టిలో ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబే అన్నింటికన్నా విలువైనది.

ప్రతిభకు సగటును మించిన సామర్థ్యం, సృజనాత్మకత, చేపట్టిన పనిపై పట్టుదల మూడూ కలవాలని అమెరికా విద్యా మనస్తత్వవేత్త జోసెఫ్ రెంజుల్లి 1978లో ప్రతిపాదించారు. వీటిలో పట్టుదల ఒక్క పరీక్షలో బయటపడదు కనుక, కాస్త దీర్ఘమైన వ్యాసం చదవడానికిచ్చి, వారం తరువాత ఏ సందేహాలతో తిరిగి వస్తారో చూడాలి.

చేతిరాత బాగాలేనివారు, బోధనా భాష మాతృభాష కానివారు, ఉపాధ్యాయునితో వాదించేవారు ఎంపికలో తరచూ జారిపోతారు. ఇది ఆ పిల్లలకు జరిగే అన్యాయం. అందుకే జవాబు పత్రాలపై పేర్లు కనిపించకుండా చేసి, ఇద్దరు ఉపాధ్యాయులు విడివిడిగా చదవాలి. రాయడం కష్టమైన వారిని నోటితో చెప్పనివ్వాలి. ఎంపికైన విద్యార్థికి ఆ తరగతిలో చేరడం ఇష్టమో కాదో తప్పక అడగాలి. మొదటి కొన్ని వారాలను పరిశీలన కాలంగా ఉంచి, ఆలస్యంగా ఆసక్తి కనబరిచిన వారికి సంవత్సరం మధ్యలోనైనా చేరే వీలు కల్పించాలి.