కాంజుగేషన్‌లో బ్యాక్టీరియా జతలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పట్టుకోవడం ఎలా

గ్రిడ్ (మైక్రోస్కోపులో శాంపిల్ పెట్టే చిన్న లోహపు జల్లెడ) మీద రెండు బ్యాక్టీరియాలు ఆనుకుని కనిపించగానే కాంజుగేషన్, అంటే ఒక బ్యాక్టీరియా ఇంకోదానికి ఆనుకుని డీఎన్‌ఏ అందించడం, దొరికేసిందని సంబరపడకండి. బొట్టు ఆరేటప్పుడు కణాలు వాటంతటవే ఒకచోటికి చేరిపోతాయి. అందుకే దాత ఏదో గ్రహీత ఏదో చూడగానే తెలిసిపోయే స్ట్రెయిన్లు ఎంచుకోండి, అంటే ఒంటినిండా టైప్ 1 ఫింబ్రియేలు (పొట్టి వెంట్రుకల్లాంటివి) ఉన్న ఎఫ్ ప్లస్ ఈ.కోలై, అవి లేని ఎఫ్ మైనస్ ఈ.కోలై లాంటివి. ఎఫ్ ప్లస్ అంటే ఎఫ్ ప్లాస్మిడ్ (క్రోమోజోముకు విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) ఉన్న దాత, ఎఫ్ మైనస్ అంటే అది లేని గ్రహీత. 1957లో ఆండర్సన్, వోల్‌మన్, జాకబ్ కూడా రూపంలో తేడా ఉన్న కణాలను కలిపే జతలను ఫొటో తీశారు, నాకైతే ఇప్పటికీ అంతకన్నా మంచి ఉపాయం కనిపించదు.

లాగ్ (log) దశలో, అంటే వేగంగా పెరుగుతూ ఉన్న రెండు కల్చర్లనూ 37 డిగ్రీల దగ్గర కలిపి, కదపకుండా అరగంట వదిలేయండి. వోర్టెక్స్ (గొట్టాన్ని గిరగిరా కుదిపే యంత్రం) జోలికి అస్సలు పోవద్దు. దాత కణం గ్రహీతను అందుకోవడానికి చాచే సన్నటి దారం, ఎఫ్ పైలస్, మందం 8 నానోమీటర్ల చిల్లరే, పొడవు మాత్రం కణాన్ని దాటిపోతుంది, గట్టిగా పైపెట్ చేసినా తెగిపోవచ్చు కాబట్టి టిప్ కొస కత్తిరించి వాడండి.

గ్లో డిశ్చార్జ్ చేసిన (ప్లాస్మాతో తడి పట్టేలా చేసిన) కార్బన్ గ్రిడ్ మీద 5 మైక్రోలీటర్ల బొట్టు వేసి, ఒక నిమిషం ఆగి, ఫిల్టర్ పేపర్‌ను అంచుకు తాకించి తడి లాగేయండి. రెండుసార్లు నీటితో కడిగాకే రంగుగా పనిచేసే 1 శాతం యురనైల్ అసిటేట్ వేయాలి. తొందరపడితే దెబ్బ ఇక్కడే, ఫాస్ఫేట్ బఫర్ కాస్త మిగిలినా అది యురనైల్‌తో కలిసి అవక్షేపమై గ్రిడ్ నిండా నల్లటి చుక్కలు తేలతాయి, పైలస్ వాటి మధ్య కలిసిపోతుంది. గ్లవ్స్ తప్పనిసరి, ఆ ద్రావణం విషం, కొద్దిగా రేడియోధార్మికం కూడా.

కనిపించిన దారం పైలస్సేనా అని అనుమానముంటే అదే శాంపిల్‌లో ఇంకో భాగానికి ఎంఎస్2 ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) కలపండి. అది ఎఫ్ పైలస్ పక్కలకు మాత్రమే అంటుకుంటుంది, దారానికి పూసలు గుచ్చినట్టు వరసగా కనిపిస్తుంది, ఫింబ్రియేలను ముట్టుకోదు. మొదటిసారి ఆ వరస చూసినప్పుడు కళ్లు తిప్పుకోలేం!

ఇంతవరకూ చూసింది పైపైనే. కణాలు దగ్గరగా అతుక్కున్న చోటు చూడాలంటే గ్లూటరాల్డిహైడ్, ఆస్మియంతో ఫిక్స్ చేసి, రెసిన్‌లో పోసి, 70 నానోమీటర్ల సెక్షన్లు కోయాలి. రెండు కణాల బయటి పొరలు ఒకదానికొకటి ఒత్తుకుని, మధ్యలో ముదురు గీతలా కనిపిస్తుంది. సైటోప్లాజం కలిసిపోయిన వంతెన కోసం మాత్రం వెతకొద్దు, అలాంటిది ఉండదు.

ప్లాస్మిడ్ లేని దాత స్ట్రెయిన్‌తో కంట్రోల్ (పోల్చి చూసే) గ్రిడ్ కూడా చేసి, ఏది ఏదో తెలియకుండా లేబుళ్లు మూసేసి, రెండింట్లోనూ సమాన సంఖ్యలో గడులు లెక్కపెట్టండి. కంట్రోల్‌లోనూ జతలు అన్నే వస్తే మొదటి గ్రిడ్ ఫొటోలు ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి.