స్పెయిన్ పల్లెదారుల్లో సొంతంగా నడక – 4వ పాఠం: గంటల లెక్క

ముందు పోయిన పాఠంలో దారి గుర్తుల మీద ఇచ్చిన అభ్యాసం సంగతి చూద్దాం. దారి రెండుగా చీలింది. ఎడమవైపు చెట్టు మీద తెలుపు-ఎరుపు గీతలున్నాయి, వాటి కిందే తెలుపు-పసుపు ఇంటూ గుర్తు. కుడివైపు రాయి మీద తెలుపు-పసుపు గీతలు మాత్రమే. మీది పసుపు దారి అయితే ఎటు వెళ్ళాలి? కుడికి. ఇంటూ కనబడగానే ఎడమ దారి మూసేశారని అనుకుంటే పొరపాటు. ఇంటూ ఏ రంగులో ఉంటే ఆ రంగు దారికే చెల్లుతుంది. ఎరుపు దారి వాళ్ళు నిశ్చింతగా ఎడమకి పోవచ్చు. ఎరుపంటే 50 కిలోమీటర్లు పైబడిన పెద్ద దారి, పసుపంటే 10 నుంచి 50 లోపు, ఆకుపచ్చంటే 10 లోపు. ఇది కంఠతా వచ్చేసి ఉండాలి, ఇక మీదట మళ్ళీ చెప్పను.

ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్కటే: బయలుదేరే ముందు కాగితం మీద నాలుగు అంకెలు వేసి, ఎన్నింటికి తిరిగొస్తామో చెప్పగలగడం.

ఇది నాకు ఎవరూ నేర్పలేదు. ఒక ఏప్రిల్ రోజు నేర్పింది. సోరియా జిల్లాలో, బుర్గోస్ జిల్లా సరిహద్దుకి ఆనుకుని, లోబోస్ అనే ఏరు సున్నపురాయిని కోసుకుంటూ పోయిన లోతైన లోయ ఒకటుంది. లోబోస్ అంటే తోడేళ్ళు. 1985 నుంచి అది రక్షిత ప్రకృతి పార్కు. దిగువ చివర ఉథేరో అనే చిన్న ఊరు, ఊరి పైన గుట్ట మీద శిథిలమైన కోట. ఖమ్మం నుంచి వచ్చిన మా బావమరిదిని తీసుకుని వెళ్ళాను. వాల్దెథేయా అనే చోట కారు ఆపేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. "ఏటి వెంట పది కిలోమీటర్లు పోయి వెనక్కొద్దాం. గంటకి ఐదు లెక్కన రానూ పోనూ నాలుగు గంటలు. ఐదింటికల్లా కోట మీద ఫొటోలు దిగుతాం బావా" అన్నాడు. నేనూ తలూపాను. మళ్ళీ కారు దగ్గరికి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. కోట మసక వెలుతురులో నల్లగా కనబడుతోంది. ఊళ్ళో భోజనం తొమ్మిది దాటితే గానీ పెట్టరు. బావమరిది నాతో మాట్లాడలేదు.

అతని లెక్కలో తప్పెక్కడుందో చూద్దాం.

స్పెయిన్‌లో నడక దారులకి మార్కులేసే పద్ధతి ఒకటుంది, దాని పేరు 'మీదే' (MIDE). స్పానిష్‌లో ఆ మాటకి 'కొలుస్తుంది' అని అర్థం. తెలుగులో వింటే 'బాధ్యత మీదే' అన్నట్టు ఉంటుంది, అదీ నిజమే. ఆరగాన్ ప్రాంతంలో పుట్టి దేశమంతా పాకింది. దారి మొదట్లో పెట్టిన బోర్డు మీద నాలుగు గళ్ళు కనబడతాయి: ప్రకృతి వల్ల ప్రమాదం ఎంత, దారి తప్పే అవకాశం ఎంత, కాలు పెట్టే నేల ఎంత కష్టం, ఒంటి శ్రమ ఎంత. ప్రతిదానికీ 1 నుంచి 5 దాకా మార్కు. శ్రమ 2 అంటే ఒకటి నుంచి మూడు గంటల నడక, 3 అంటే మూడు నుంచి ఆరు గంటలు. బోర్డు ఉంటే సంతోషం. అది లేని చోట ఆ గంటలు ఎలా కట్టారో తెలిస్తే మనమే కట్టుకోవచ్చు.

రెండు లెక్కలు విడివిడిగా వెయ్యాలి. మొదటిది దూరానిది. బండి వెళ్ళే మట్టిరోడ్డు మీద గంటకి 5 కిలోమీటర్లు, మంచి కాలిబాట మీద 4, రాళ్ళూ బురదా ఉన్న చోట 3. రెండోది ఎత్తుది. ఎక్కుడైతే గంటకి 400 మీటర్లు, దిగుడైతే 600. ఈ రెంటినీ కూడకూడదు. ఏది పెద్దదో దాన్ని పూర్తిగా తీసుకుని, చిన్నదాంట్లో సగం కలపాలి. సగమే ఎందుకంటే, ఎక్కుతున్నప్పుడు ముందుకీ కదులుతున్నాం కదా, ఆ సమయం కొంత అప్పటికే లెక్కలో పడిపోయింది.

దూరం, ఎత్తు ఎక్కణ్ణుంచి వస్తాయి? రెండో పాఠంలో చూసిన 1:25,000 మ్యాపులోంచి. అందులో 4 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు, పక్కపక్క కాంటూర్ గీతల (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా 10 మీటర్లు. వంకర్ల మీద దారం పరిచి కొలవండి. స్కేలు పెట్టి తిన్నగా కొలిస్తే లోయ దారిలో మూడో వంతు మాయమైపోతుంది. ఏరు ఎన్ని మెలికలు తిరిగితే కాలిబాటా అన్ని తిరుగుతుంది. స్పెయిన్‌లో ఇలాంటి లోయల్ని ఓథెస్ అనీ అంటారు. ఆ మాట లాటిన్‌లో గొంతు అనే పదం నుంచి వచ్చింది. మన 'గండి' అలాంటిదే, ఏరు కొండని కోసుకుని దూరిన సందు.

ఇప్పుడు మా ఏప్రిల్ రోజుని కట్టి చూడండి. పది కిలోమీటర్లలో ఆరు మంచి బాట: గంటన్నర. నాలుగు రాళ్ళ దారి: గంటా ఇరవై నిమిషాలు. మొత్తం 2 గంటల 50 నిమిషాలు. ఎగువకి పోతున్నాం కాబట్టి ఎక్కుడు 100 మీటర్లనుకుందాం: పావుగంట. అందులో సగం కలిపితే దాదాపు మూడు గంటలు. వచ్చేటప్పుడు దిగుడు పది నిమిషాలు, దాంట్లో సగం, అంటే 2 గంటల 55 నిమిషాలు. రానూ పోనూ ఆరు గంటలు. ఒంటిగంటకి కలిపితే ఏడు. మరి ఎనిమిదిన్నర ఎందుకైంది?

ఈ లెక్కలో ఆగడం లేదు. నీళ్ళు తాగడం, బూటులో రాయి తీయడం, ఫొటో, భోజనం, ఏవీ లేవు. గంట నడకకి పావుగంట చొప్పున ఆగుతారనుకోండి, ఆరు గంటలకి గంటన్నర. సరిగ్గా ఎనిమిదిన్నర! బావమరిదికి ఈ కాగితం వాట్సాప్‌లో పంపాను. "అప్పుడే వెయ్యాల్సింది" అని జవాబొచ్చింది.

లోయలో ఎక్కడెక్కడ ఆగిపోతామో కూడా చెబుతాను, ఇవి ఆపుకోలేనివి. కారు ఆపిన చోటి నుంచి ఓ కిలోమీటరు పోగానే లోయ వెడల్పవుతుంది. నిలువు రాతిగోడల నడుమ సాన్ బార్తొలొమే చర్చి, 13వ శతాబ్దం మొదట్లోది. పక్కనే నోరు తెరుచుకున్న పెద్ద గుహ. ఆ చర్చిని టెంప్లర్లు, అంటే క్రూసేడ్ల కాలపు క్రైస్తవ సన్యాసి యోధులు, కట్టించారని అందరూ చెప్పుకుంటారు, దాని చుట్టూ గుప్తనిధుల కథలూ బోలెడు. నన్నడిగితే కథలకన్నా దాని గోడలో చెక్కిన అయిదు కోణాల జాలీ కిటికీ గొప్పది. ఇక్కడ ఇరవై నిమిషాలు రాసుకోండి. రెండోది రాబందులు. రెక్కలు చాపితే రెండున్నర మీటర్లు. ఎండకి గాలి వేడెక్కి పైకి లేచాకే అవి చరియలు వదిలి ఎగురుతాయి, తెల్లవారే వచ్చి చూస్తే ముడుచుకుని కూర్చునే ఉంటాయి. జనవరి నుంచి గూళ్ళలో ఉంటాయి కాబట్టి చరియల కింద కేకలు వెయ్యొద్దు, రాళ్ళు ఎక్కొద్దు. సెగోవియా జిల్లాలోని దురాతోన్ లోయలోనైతే జనవరి 1 నుంచి జూలై 31 దాకా కొంత భాగంలో అనుమతి లేకుండా అడుగే పెట్టనివ్వరు.

మూడోది నీళ్ళు. ఈ ఏటిని చాలాచోట్ల వరసగా పేర్చిన రాళ్ళ మీద అడుగులేస్తూ దాటాలి. ఎండాకాలంలో ఏరు కొన్నిచోట్ల సున్నపురాతి కిందికి ఇంకిపోయి కనబడనే కనబడదు. వసంతంలో అదే ఏరు ఆ రాళ్ళని ముంచేస్తుంది. మేం మూడుసార్లు బూట్లు విప్పాం. ఒక్కోసారికి పది నిమిషాలు: విప్పడం, దాటడం, కాళ్ళు తుడుచుకోవడం, మళ్ళీ కట్టుకోవడం. మేం ఆగిన గంటన్నరలో అరగంట ఇక్కడే పోయింది. నీళ్ళు మోకాలు దాటినా, అడుగు కనబడకపోయినా వెనక్కి తిరగండి. లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదనే అనుకోండి. ఆపదలో 112 కి ఫోన్ చెయ్యాలన్నా సిగ్నల్ దొరికే దాకా నడవాలి.

కోట లెక్క వేరు. లోయలో దూరం పెద్దది, ఎత్తు చిన్నది. కోట దగ్గర ఇది తారుమారవుతుంది. ఒక కిలోమీటరు దారి, 150 మీటర్ల ఎక్కుడు అనుకోండి. దూరానికి పావుగంట. ఎత్తుకి 22 నిమిషాల పైచిలుకు. ఇప్పుడు పెద్దది ఎత్తు. దానికి పావుగంటలో సగం కలిపితే అరగంట. అంటే చదునులో పావుగంటలో నడిచే కిలోమీటరు ఇక్కడ రెట్టింపు తింటుంది. దిగడానికి? పావుగంట, పావుగంటలో సగం, మొత్తం 23 నిమిషాలు. పెద్దగా మిగిలేదేం లేదు. పైగా శిథిలాల్లో రాళ్ళు వదులుగా ఉంటాయి, అలసిన కాళ్ళతో దిగడం మంచిది కాదు. అందుకే నేనిప్పుడు కోటని పొద్దున్నే ఎక్కేస్తాను. లోయని మధ్యలో వదిలేసి వెనక్కి రావచ్చు, సగం ఎక్కిన కోటని వదలడానికి మనసొప్పదు.

ఆఖరున కాగితం మీద ఒక గడియ రాసి గుండ్రంగా చుట్టండి: వెనక్కి తిరిగే వేళ. పొద్దు గూకే సమయంలోంచి తిరుగు నడకా, ఆ దారిలో ఆగే సమయమూ, పైన ఇంకో గంటా తీసేస్తే అది వస్తుంది. ఎక్కడున్నా సరే, ఆ గడియకి తిరగాలి. "ఆ మలుపు దాటి చూసొద్దాం" అనే మాట ప్రతి మలుపు దగ్గరా వినబడుతుంది. సోరియాలో జూన్‌లో పొద్దు రాత్రి తొమ్మిదిన్నర దాటాక గూకుతుంది, డిసెంబరులో సాయంత్రం ఆరు కాకముందే. లోయ అడుగున ఎండ అంతకన్నా ముందే పోతుంది.

అభ్యాసం. ఈసారి గోర్మాథ్. దువెరో నది పక్కన గుట్ట మీద 10వ శతాబ్దపు అరబ్బుల కోట, 28 బురుజులు, గుర్రపు లాడం ఆకారంలో ద్వారం. కొర్దోబా నుంచి ఏలిన ముస్లిం పాలకుడు, ఖలీఫా రెండవ అల్ హకమ్ కాలంలో పెంచి కట్టారు, తర్వాత కొంతకాలం స్పెయిన్ వీరగాథల యోధుడు ఎల్ సిద్ చేతిలో ఉంది. పైన నీడ లేదు, గాలికి అడ్డూ లేదు. నది పక్క మట్టిరోడ్డు మీద 6 కిలోమీటర్లు, ఆ తర్వాత 1.2 కిలోమీటర్ల కాలిబాటలో 120 మీటర్ల ఎక్కుడు అనుకోండి. వెళ్ళిన దారినే వెనక్కి రావాలి. డిసెంబరు, పొద్దు గూకేది 5:40కి. కోట మీద ముప్పావుగంట కావాలి. ఎన్నింటికల్లా బయలుదేరాలి? కోట మీద ఎన్నింటికి వెనక్కి తిరగాలి? దారి మధ్యలో పొలం గట్టున నలుపు-తెలుపు ఐమూలగా పూసిన చిన్న రేకు బోర్డు కనబడింది. అది దారి గుర్తు కాదు. మరేమిటో వచ్చే పాఠం లోపు ఊహించి ఉంచండి.