మా అత్తమ్మ పని లెక్క ఎట్లా రాశానంటే

దేవరకొండ దగ్గర మా ఊళ్లో మహిళా సంఘం పుస్తకాలు రాసేది నేనే. పొదుపు, అప్పు, వడ్డీ పైసలతో సహా రాస్తాను. 68 ఏళ్ల మా అత్తమ్మ చేసే పని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. పోయినసారి పత్తి ఏరే కాలంలో ఒక నెల రాసి చూశాను. మీ ఇంట్లో పెద్దామె లెక్క రాయాలనుకుంటే ఇట్లా మొదలుపెట్టండి.

“రోజూ ఏం పని చేస్తావ్?” అని అడగొద్దు. “ఏం జేస్త బిడ్డా, ఖాళీగనే ఉంట” అంటారు. లేచిన దగ్గర్నుంచి వరసగా అడగాలి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వేలో తెల్లవారుజామున 4 నుంచి మర్నాడు 4 దాకా అరగంట చొప్పున అడిగారు. ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లకు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లకు 97 అని తేలింది. ఇది చదివి వినిపిస్తే మా ఆయన, “97 ఎవరు చేస్తున్నారట?” అన్నాడు.

ఒకే అరగంటలో రెండు పనులుంటే రెండూ రాయండి. అత్తమ్మ పల్లీలు ఒలుస్తూనే మనవణ్ని చూస్తుంది. మొదట్లో నేను పల్లీలు రాసి పిల్లాణ్ని వదిలేశాను.

డబ్బు వచ్చే పని రాయడం తేలిక. పత్తి ఏరితే కిలోకు 12 రూపాయలు, 22 కిలోలు, 264. ఆ నెల వచ్చిన ఆసరా (వృద్ధాప్య) పింఛను 2016 రూపాయలు కూలి కాదు, అట్లాంటిది వేరే గడిలో వేయండి. బదులుకు పోయిన రోజు చేతికి పైసా రాదు కానీ రేపు వాళ్లు మన చేనుకు వస్తారు. ఎవరి చేనో, ఏ రోజో రాసి పెట్టుకోండి.

అసలు చిక్కు పసిపిల్లల తానం దగ్గర వచ్చింది. మా వాడకట్టులో ఎవరింట్లో కాన్పైనా పిల్లకు నూనె రాసి నీళ్లు పోసేది అత్తమ్మే. ఆ నెల రెండిళ్లు, ఇంటికో గంట. ఆఖర్న ఒక జాకెట్ ముక్క, ఇన్ని బియ్యం పెట్టారు. కూలి అందామంటే కాదు, ఉత్త పుణ్యానికి అందామంటే ముక్క కళ్ల ముందే ఉంది. నేనేదో తెలివిగా గంటకు 50 రూపాయలు కట్టాను. “నేను కూలికి పోయిన్నా బిడ్డా?” అని ముఖం ముడుచుకుంది. ఆ అంకె కొట్టేసి ‘పెట్టుపోత’ అని కొత్త గడి గీశాను. మీరు ముందే గీసుకోండి.

మోకాళ్ల నొప్పితో పడుకున్న రోజుల్ని ఖాళీగా వదలొద్దు. ఆమె పనులు ఆ రోజు ఎవరి మీద పడ్డాయో రాయండి. మా పుస్తకంలో నాలుగు పేర్లు వచ్చాయి.

నెలాఖరుకు ఆమెకు చదివి వినిపించండి. మా అత్తమ్మ అంతా విని, “మేకలకు కొమ్మ దెచ్చింది యాడ రాసినవ్?” అంది.