బ్రిస్బేన్‌లో ఇల్లు అద్దెకు తీసుకునే ముందు నది చరిత్ర చూడండి

ఇక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పెద్ద వానల కాలం. కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది నది కనిపించే ఫ్లాట్ అనగానే బాండ్ (అద్దె డిపాజిట్) కట్టేస్తారు. ఒక్క రోజు ఆగండి.

ఆదివాసులైన తుర్రబల్, జగెరా ప్రజల నేల ఇది. 1823లో సర్వేయర్ జాన్ ఆక్స్‌లీ ఈ నదిలో పైకి వెళ్లి చూశాడు. మరుసటి ఏడాది ఖైదీల శిబిరం రెడ్‌క్లిఫ్‌లో పెట్టి, 1825లో నది ఒడ్డుకు మార్చారు. అదే ఏడాది నదిని ఇంకా పైదాకా చూసిన మేజర్ లాకియర్‌కు నీటిమట్టానికి ఎంతో ఎత్తున వరద ఆనవాళ్లు కనిపించాయి. అయినా ఊరు ఒడ్డునే పెరిగింది. మామూలు జనం స్థిరపడటానికి 1842లో అనుమతిచ్చారు. దానికి ఏడాది ముందే, 1841లో, నది 8.43 మీటర్లకు లేచింది. 1893 ఫిబ్రవరిలో 8.35 మీటర్లకు వచ్చి విక్టోరియా వంతెనలో కొంత భాగాన్ని ఊడ్చుకుపోయింది. 1974లో 5.45, 2011లో 4.46 మీటర్లు.

"వైవెన్‌హో డ్యామ్ ఉందిగా, టెన్షన్ ఎందుకు?" అంటారు. 1974 వరద తర్వాత నది ఎగువన కట్టిన ఆ డ్యామ్, తనకు పైనుంచి వచ్చే నీటినే ఆపగలదు. లాకియర్ క్రీక్, బ్రెమర్ నది దాని దిగువన కలుస్తాయి. ఊళ్లోనే కుండపోత పడితే వాగులు పొంగుతాయి, 2022లో జరిగింది అదే. అందుకే నదికి దూరంగా ఉన్నాం కదా అని ధీమా పడొద్దు. 2011లో కొన్ని వీధుల్లోకి నీళ్లు వర్షపు నీటి పైపుల గుండా వెనక్కి తన్నుకొచ్చాయి.

ఇల్లు ఖాయం చేసే ముందు సిటీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ అడ్రస్‌కు వరద రిపోర్టు ఉచితంగా తీసుకోండి. నది, వాగు, వీధిలో పారే వాన నీరు, మూడూ చూడండి. కారు బేస్‌మెంట్‌లో పెట్టాల్సి వస్తే, వరదొచ్చే ముందు దాన్ని తరలించడానికి ఎత్తైన వీధి ఒకటి ఇప్పుడే చూసి ఉంచుకోండి. ఓనరు ఇన్సూరెన్స్ మీ సామాన్లకు వర్తించదు. మీ పాలసీలో వరద ఉందో లేదో వానలు మొదలవకముందే అడగండి. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, మందులు ఒక వాటర్‌ప్రూఫ్ సంచిలో ఉంచండి.

నీళ్లు వస్తున్నాయంటే, మీరు పొడిగా ఉన్నప్పుడే మెయిన్ స్విచ్ ఆపేయండి. రోడ్డు మీద నీళ్లుంటే, ముందు కారు దాటినా సరే, మీరు వెనక్కి తిప్పండి. పైకప్పు కారినా, వరద సాయం కావాలన్నా 132 500కి, ప్రాణాపాయం అయితే 000కి ఫోన్ చేయండి.