సైజు ఫంక్షన్ పేరులోనే లెక్క తెలియాలి

రాయగడ, గుణుపురం వైపు షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. డేటాబేస్ ఎంత చోటు తింటోందో చెప్పే ఫంక్షన్ రాస్తే, దానికి ఉత్త ‘సైజ్’ అని పేరు పెట్టకండి. దేని సైజు, ఏ కొలతలో అన్నది పేరులోనే ఉండాలి: ‘టేబుల్_బైట్స్’, ‘టోటల్_బైట్స్’ అన్నట్టు.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో పీజీ_రిలేషన్_సైజ్ మామూలుగా టేబుల్ అసలు డేటానే లెక్కిస్తుంది. ఇండెక్సులతో (త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే సూచికలతో) సహా కావాలంటే పీజీ_టోటల్_రిలేషన్_సైజ్ అడగాలి. మొదటి ఫంక్షన్ ఇచ్చిన లెక్క నమ్ముకుని డిస్క్ కొంటే చాలదు.

మన దగ్గర ఖాతాదారుల పేర్లు తెలుగులో, ఒడియాలో ఎక్కిస్తాం కాబట్టి ఇంకోటి చాలా ముఖ్యం. ‘రాయగడ’ చూడ్డానికి నాలుగక్షరాలే. యూనికోడ్‌లో దీర్ఘం గుర్తుతో కలిపి 5 క్యారెక్టర్లు, వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 15 బైట్లు. లెంగ్త్ అని అడిగితే పోస్ట్‌గ్రెస్ 5 అంటుంది, మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ 15 అంటుంది! క్యారెక్టర్లకు క్యార్_లెంగ్త్, బైట్లకు ఆక్టెట్_లెంగ్త్ వాడితే రెండు చోట్లా ఒకటే జవాబు, టెన్షన్ ఉండదు.

మీ ఫంక్షన్ బైట్లను అంకెగానే ఇవ్వాలి. ‘10 జీబీ’ అని చదవడానికి వీలుగా ఇచ్చేదానికి వేరే పేరు పెట్టండి, చివర ‘ప్రెట్టీ’ అని చేర్చి. ఆ టెక్స్ట్‌ను పెద్దవి ముందు వచ్చేలా సార్ట్ చేస్తే ‘9 ఎంబీ’ వెళ్లి ‘10 జీబీ’ నెత్తిన కూర్చుంటుంది.